మాట పడిపోయిన ఇంటికి ఉత్తరాలు

తడిసిన కాగితం వాసన.

వానాకాలం వచ్చిందంటే మారేడ్‌పల్లిలో ఆ ఇంటి గేటు దగ్గర అదే వాసన. గేటుకు తగిలించిన రేకు పెట్టె. దాని మూత సరిగ్గా పడదు. చినుకు లోపలికి వస్తుంది. కవరు మీది సిరా కొంచెం చెదురుతుంది... నీలం మబ్బు పాకినట్టు.

ఆ మబ్బు కింద ఒక పేరు. శ్రీ రామ్మోహనరావు గారికి.

వెనక ఇంకో పేరు. దేవమ్మ, లాలాగూడ.

లాలాగూడ ఎంత దూరం? రైలు పట్టాలు దాటితే వచ్చేస్తుంది. నడిచినా వచ్చేస్తుంది. కానీ ఉత్తరం అలా రాదు. సంచుల్లో పడి, ముద్రలు వేయించుకుని, ఊరంతా తిరిగి, అలసిపోయి వస్తుంది.

ముప్పై ఏళ్లుగా వస్తూనే ఉంది.

ఇంటింటికీ ఫోన్లు వచ్చాయి. అవి జేబుల్లోకి దూరాయి. ఊరి నెత్తిమీదుగా మెట్రో రైలు పరుగెత్తింది. రామ్మోహనరావు కాలేజీలో తెలుగు చెప్పడం మానేసి ఇంట్లో కూర్చున్నాడు. స్టేషన్‌లో రిజర్వేషన్ కౌంటర్ వెనక కూర్చునే దేవమ్మ కూడా రిటైరైంది.

ఉత్తరం మాత్రం ఆగలేదు.

పెట్టెలోంచి దాన్ని తీసేది కామాక్షి. తీసి, తడి తుడిచి, భర్త బల్ల మీద కాఫీ పక్కన పెట్టేది. ఒక్కటంటే ఒక్కటి కూడా తను చింపలేదు. ఎవరి పేరున వచ్చిన ఉత్తరం వాళ్లే చింపాలి... చిన్నప్పుడు నాన్న చెప్పిన మాట.

చింపేటప్పుడు ఆయన మొహం చూసేది.

గుళ్లో హారతి కళ్లకద్దుకునేవాడి మొహం.

అసూయ పడిందా? కొత్తలో పడింది. ఒకసారి అడిగింది కూడా. "ఏముంటుందండీ అందులో అంతగా?"

ఆయన కళ్లజోడు తీసి నవ్వాడు. "వాన, కామాక్షీ. ఉత్తరం నిండా వానే."

వానకి ఇంత సంబరమా అనుకుంది. కవిత్వం ఆమెకు పట్టదు. ఇంట్లో ఇద్దరే. పిల్లలు కలగలేదు. పుస్తకాలు కలిగాయి. వాటి దుమ్ము దులపడం ఆమె వంతు, చదవడం ఆయన వంతు. ఆ పంపకం బాగానే సాగింది.

*

ఇదంతా ఒక చిన్న పుస్తకంతో మొదలైంది.

దేవమ్మ మొదటి పుస్తకం. అరచేయంత. అందులో ఆమె ఇంట్లో ఎలా మాట్లాడుతుందో అలాగే రాసింది. మబ్బుని మొగులు అంది. భయాన్ని బుగులు అంది. చిన్నప్పుడు వాళ్లమ్మ తల దువ్వుతూ ఏ మాటలతో కసిరిందో, ఆ మాటలతోనే ఏడ్చింది.

పేరున్న ఒక పెద్దాయన పత్రికలో రాశాడు. ఇది కవిత్వం కాదు. సంతలో వినపడే గోల. ముందు మంచి తెలుగు నేర్చుకుని రమ్మనండి.

రామ్మోహనరావు తెనాలి దగ్గరి పల్లెనుంచి వచ్చినవాడు. మంచి తెలుగు చెప్పి జీతం తీసుకునేవాడు. ఆ పుస్తకాన్ని ఉన్నచోట కూర్చుని చదివాడు. చదివి, లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి వెళ్లాడు. తడిసి ముద్దయి తిరిగొచ్చాడు. తల తుడుస్తుంటే కామాక్షితో ఒకే మాట అన్నాడు.

"ఇన్నాళ్లూ నేను తెలుగులో సగమే చదివానే."

ఆ తర్వాత కూర్చుని రాశాడు.

సంతలో మాట్లాడేవాళ్లకు దుఃఖం ఉండదా? మాటకు ఒక ఊరుంటుంది. మాటను ఆ ఊరినుంచి వెళ్లగొట్టి, మిగిలినదాన్ని మంచి తెలుగు అంటున్నారు మీరు. నా తెలుగు నాకు మా అమ్మ నేర్పింది. దేవమ్మ తెలుగు ఆమెకు వాళ్లమ్మ నేర్పింది. ఏ అమ్మ తక్కువ?

అచ్చయింది. దుమారం లేచింది. సభలకు పిలిచేవాళ్లు పిలవడం మానేశారు. ఊరినుంచి వచ్చిన స్నేహితుడొకడు భోజనం చేస్తూ చేస్తూ, "మనవాడివై ఉండి..." అని మొదలుపెట్టాడు. రామ్మోహనరావు పెరుగన్నం అలాగే వదిలేసి లేచిపోయాడు.

అప్పటినుంచీ అంతే. దేవమ్మను ఎక్కడ తక్కువ చేస్తే అక్కడ నిలబడేవాడు. ఆమె అడిగిందని కాదు. ఆమెకు తెలిసేదీ కాదు, చాలాసార్లు.

మొట్టమొదట ఒక కార్డు వచ్చింది. నాలుగు ముక్కలు.

"సార్‌కు దండాలు. మీరు రాసింది సదివిన. నా దిక్కు ఎవ్వరు నిలవడరనుకున్న. మీరు నిలవడ్డరు. గీ మొగులు సాక్షి... మరువ."

ఆయన జవాబు రాశాడు. ఆమె మళ్లీ రాసింది. ఇంటికి రమ్మని ఆయన పిలిచాడు. దానికి జవాబు... "ఎదురుంగ కూసుంటె నాకు మాట రాదు సార్. కాయిదం మీదైతె వస్తది."

ఆ మాట మీదే ముప్పై ఏళ్లు గడిచాయి. సభల్లో ఎప్పుడన్నా దూరంనుంచి దండం. అంతే.

ఎంత దగ్గర! ఎంత దూరం!

మధ్యలో వాన.

*

ఈ ఏడు ఆషాఢం మొదట్లో ఒక లావుపాటి కవరు వచ్చింది. పెట్టెలో పట్టలేదు. పోస్ట్‌మాన్ గంట కొట్టి చేతికిచ్చాడు.

చాలా ఏళ్ల తర్వాత దేవమ్మ కొత్త కవితలు. ఒక కట్ట. పైన చిన్న చీటీ. "గివి అచ్చుకు ఇయ్యాల్నా వద్దా, మీరే చెప్పాలె సార్. మీరు చెప్పెదాంక ఇయ్య."

ఆయన ఆ రోజంతా చదివాడు. మళ్లీ చదివాడు. భోజనానికి పిలిస్తే వచ్చి కూర్చున్నాడు గానీ, ఏం తిన్నాడో ఆయనకు తెలియదు. మధ్యమధ్య కంచంలోకి చూసి తనలో తనే ఏదో అనుకున్నాడు. ఆ కవితల వాక్యాలే పైకి అనుకుంటూ, రాగం లేకుండా, ప్రదక్షిణలు చేసేవాడిలా హాల్లో తిరిగాడు.

మర్నాడు పొద్దున్నే కాగితం తీశాడు. కలం తీశాడు.

వంటింట్లో ఉన్న కామాక్షికి కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏదో బరువుగా ఒరిగిన చప్పుడు.

వెళ్లి చూస్తే... ఆయన నోరు తెరిచి ఉన్నాడు. ఆమెనే చూస్తున్నాడు. ఏదో చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాడు.

మాట రాలేదు.

*

మాట పడిపోయింది అన్నారు ఆసుపత్రిలో.

కామాక్షి ఆ మాట చాలామంది నోట విన్నదే. ఎవరికో పక్షవాతం వస్తే, మాట పడిపోయిందట పాపం, అని తను కూడా అన్నదే. ఇప్పుడే ఆగి ఆలోచించింది. పడిపోయిందంటే ఎక్కడ పడింది? చేతిలోంచి ఉంగరం జారితే వెతుక్కుంటాం. మాట జారితే ఎక్కడ వెతకాలి?

ఇంటికి తెచ్చుకుంది. కుడిచెయ్యి లేవదు. కుడికాలు ఈడుస్తాడు. అన్నీ అర్థమవుతాయి. కానీ నోట్లోంచి ఒక మూలుగు లాంటిదే వస్తుంది. చెంచాను చూస్తాడు. దాని పేరు తెలుసు. నాలుక దాకా రాదు. గోడ నిండా పుస్తకాలు. అవి ఆయన్ని చూస్తాయి. ఆయన వాటిని చూడడు.

అంత మాటకారి.

ఇల్లంతా నిశ్శబ్దం. వాన చప్పుడు ఒక్కటే గదుల్లో తిరుగుతుంది.

మాట నేర్పడానికి ప్రేమమణి అనే అమ్మాయి ఇంటికి వచ్చేది. ఓపిక గల పిల్ల. బొమ్మల కార్డులు తెచ్చేది. పిల్లి. కప్పు. చెట్టు. ఆయన ఒక్కోదాన్నీ చూసి తల తిప్పుకునేవాడు.

ఒకరోజు కామాక్షిని చూపించి అడిగింది. "అంకుల్, ఈవిడ ఎవరు? పేరు చెప్పండి, ట్రై చేయండి."

ఆయన కామాక్షిని చూశాడు. పెదవులు కదిలాయి. మెడ నరాలు లేచాయి. పేరు కళ్లలోకి వచ్చింది. తడిగా, నిండుగా వచ్చింది.

నోట్లోకి రాలేదు.

"ఫర్వాలేదు అంకుల్," అంది ప్రేమమణి.

కామాక్షి నవ్వింది. వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పింది. నీళ్లు ఊరికే పారుతున్నాయి. ఆమె కట్టేయలేదు.

*

ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి.

దేవమ్మకు ఏమీ తెలియదు. కామాక్షి చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. ఆ ఉత్తరాల లోకం ఆయనది. దాని తలుపు ఎక్కడుందో ఆమెకు తెలియదు. కవరు తీసి, తడి తుడిచి, ఎప్పట్లాగే బల్ల మీద పెట్టేది. చింపకుండా అవి ఒకదాని మీద ఒకటి చేరాయి.

ఒక మధ్యాహ్నం వాన పెద్దదైంది. కిటికీ మూయడానికి వెళ్తే, మంచం మీంచి ఆయన ఎడమచెయ్యి ఎత్తాడు. వేలు బల్లవైపు చూపిస్తోంది.

"ఇవా? చదవమంటారా?"

చెయ్యి దించలేదు.

కామాక్షి పైనున్న కవరు తీసుకుంది. ఒక్క క్షణం ఆగింది. నాన్న మాట గుర్తొచ్చింది. చింపింది.

గుండ్రటి అక్షరాలు. వంకరలేని వరుసలు. ఆమె గొంతు సవరించుకుని చదవసాగింది.

"సార్‌కు దండాలు. నిన్న నేరేడ్‌మెట్ దిక్కు పోయిన. గుట్టల మీద గుండ్లు ఉంటయి గద, ఒకదాని మీదొకటి, ఎవరో కూసోబెట్టినట్టు. ఎండకాలమంత గా రాళ్ల మొఖం సూడలేకపోయిన. ఏం పాపం చేసినయో అనుకున్న. నిన్న వాన పడ్డది..."

ఈ మాటలు ఆమె నోటికి అలవాటు లేదు. తడబడుతోంది. తడబడినచోట తన మాట వచ్చి కూర్చుంటోంది. తరవాతి వాక్యం అలాగే చదివేసింది.

"రాళ్లు కూడా నవ్వాయి."

మంచం కోడు మీద చెయ్యి పడింది. ధన్ మని.

ఉలిక్కిపడింది. "ఏమండీ? నొప్పా? నీళ్లు కావాలా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. కనుబొమలు ముడిపడ్డాయి. కోపం. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆ మొహంలో కోపం.

ఆమెకేం తోచలేదు. మళ్లీ చదివింది. "రాళ్లు కూడా నవ్వాయి."

మళ్లీ చెయ్యి పడింది.

పెదవులు దగ్గరికి వచ్చాయి. ఊపిరి ఒకటి సన్నగా, ఈలలా...

"సు..."

కామాక్షి కాగితం దించింది.

"సు... త."

వాన. కిటికీ ఊచల మీద వాన.

ఆమె కాగితంలోకి చూసింది. నిజమే. అక్కడ "కూడా" లేదు. "సుత" ఉంది. ఆమె నాలుకే మార్చేసింది. ఆ ఉత్తరం ఆయన చూడనే లేదు, ముప్పై ఏళ్లుగా ఆ మాటకు అలవాటుపడ్డ చెవి పట్టేసింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. దేవుడి ముందు నిలబడ్డవాడిలా మెల్లగా, ఒక్కో మాటనీ చేత్తో పట్టుకుని నడిపిస్తున్నట్టు...

"రాళ్లు... సుత... నవ్వినయి."

మొత్తం వాక్యం.

తెనాలి దగ్గరి పల్లెలో పుట్టిన మనిషి నోట లాలాగూడ దేవమ్మ మాట. ఒక్క అక్షరం తప్పు పోకుండా.

తన మాటలన్నీ పడిపోయాయి. ఆకలికి మాట లేదు. దప్పికకు మాట లేదు. పక్కనున్న భార్యకు పేరు లేదు. కానీ దేవమ్మ మాటను ఎవరైనా మార్చి చదివితే మాత్రం ఊరుకోలేకపోయాడు. ఆ ఒక్క మాట పక్కన నిలబడటానికి, ఎక్కడినుంచో, ఏ చీకట్లోంచో, లేచి వచ్చాడు.

కామాక్షి కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుంది. అది కాగితంలా లేదు. కొంచెం వెచ్చగా ఉంది, ఏదో ప్రాణి పడుకున్నట్టు.

*

"పాటలూ పద్యాలూ లోపల వేరే చోట దాచిపెట్టుకుంటాం ఆంటీ," అంది ప్రేమమణి మర్నాడు. "మామూలు మాట పోయినా అవి ఉండిపోతాయి ఒక్కోసారి. ఈ కార్డులు పక్కన పెట్టేద్దాం. మీరు ఆ లెటర్సే చదవండి. రోజూ చదవండి. ఉన్నదున్నట్టు చదవండి."

ఉన్నదున్నట్టు చదవడం నేర్చుకుంది కామాక్షి.

బీరువాలోంచి పాతవన్నీ తీసింది. ముప్పై ఏళ్ల వానలు. ఒక్కో వాక్యం చివర ఆగేది. ఆయన పూరించేవాడు.

"మొగులు ఇయ్యాల జెర బుగులుగ ఉంది సార్. ఉరుముతలేదు. గట్లనే కూసుంది, దుఃఖం మింగిన..."

"...ముసలమ్మ... తీర్గ."

అవును. కిటికీలోంచి చూస్తే అవును. ఆకాశం నిజంగానే అలా కూర్చుని ఉంది. ఇంతకాలం ఆమె ఎన్ని మబ్బులు చూడలేదు! ఆరేసిన బట్టలు తీయడానికి చూసింది. ఒడియాలు లోపల పెట్టడానికి చూసింది. ఆకాశానికి ఒక మొహం ఉందని, అది ఏడుపు మింగుతుందని... ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి ప్రతి వారం తన గేటు దాకా వచ్చింది. తనే తీసింది. తనే తడి తుడిచింది.

అక్షరాలు రాని వయసులో బడి కిటికీ పట్టుకుని నిలబడ్డట్టు నిలబడింది.

వాక్యాలు వచ్చాయి. రోజుకొకటి, రెండు. కానీ వాక్యాలే. దేవమ్మ వాన వస్తుంది... తాగే నీళ్లు రావు. దేవమ్మ ఇంటి వేపచెట్టు వస్తుంది... వాకిట్లో ఉన్న తన చెట్టు రాదు.

కామాక్షి రాదు.

పాతవి కొన్ని అయ్యాక ఇటీవలివి తీసింది. కట్ట పంపిన తర్వాత దేవమ్మ రాసినవి. ఒక్కోటీ చదువుతుంటే భయం వేసింది. ఉత్తరాలు చిన్నవైపోతున్నాయి. కవితల గురించి ఏమన్న చెప్తరా సార్? ఒక ఉత్తరం. తీరుబడి లేదేమో సార్. ఇంకో ఉత్తరం.

ఆ ఉదయమే వచ్చింది, చివరిది.

"మీరు ఊకున్నరు. సమజైంది సార్. బాలేనివి బాగున్నయని మీరు ఎన్నడు అనలే. గందుకే మీ మాటంటె నాకు గురి. గా కట్టను పొయ్యిల ఎయ్యుండ్రి. నేను సుత గట్లనే చేస్త. ఇగ రాయ."

ఇక రాయదట. ఇంకేం లేదు. దండాలు కూడా లేవు.

ఆయన లేవబోయాడు. మంచానికి ఆనుకుని, ఒక కాలు మీద, ఎడమచెయ్యి గాల్లో ఆడిస్తూ. నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ఒక్క వాక్యం కూడా రావడం లేదు. ముప్పై ఏళ్లు ఊరందరితో ఆమె కోసం కొట్లాడినవాడు. ఇప్పుడు ఆమెతోనే ఆమె కోసం కొట్లాడాలి. ఆయుధం లేదు.

కళ్లనుంచి నీళ్లు కారిపోతున్నాయి.

"నేను వెళ్తాను," అంది కామాక్షి. "ఏమండీ, ఇటు చూడండి. నేను వెళ్లి ఆవిడను తీసుకొస్తాను."

పక్కింటి భవానిని ఆయన దగ్గర కూర్చోబెట్టి, కవరు వెనకున్న చిరునామా పట్టుకుని ఆటో ఎక్కింది.

*

లాలాగూడలో రైలు కార్ఖానా గోడ పొడుగునా వాన నీళ్లు. గోడ చివర సందులో పెంకుటిల్లు. తలుపు తీసే ఉంది. వాకిట్లో ఒకావిడ తడిసిన పిడకలు లోపలికి చేరవేస్తోంది. పొట్టి మనిషి. జుట్టంతా తెలుపు. పక్కనే కట్టెలపొయ్యి.

పొయ్యి పక్కన కాగితాల కట్ట.

కామాక్షి గబగబా వాకిట్లోకి అడుగుపెట్టింది. పొయ్యివైపు చూసింది. ఇంకా అంటించలేదు.

"దేవమ్మగారూ..."

ఆవిడ తలెత్తింది. "ఎవరమ్మా?"

"నేను కామాక్షిని. రామ్మోహనరావుగారి ఇల్లాలిని."

దేవమ్మ చేతిలో పిడక జారింది. కొంగు సర్దుకుంది. కళ్లు దించుకుంది. "సార్ పంపిండా? ఎందుకమ్మా తక్లీఫ్... నాకు సమజైంది. బాలేవు. నాకు ఎరుకనే."

"ఆయనకి మాట పడిపోయిందమ్మా."

చూరునుంచి నీళ్లు పడుతున్నాయి.

"ఆషాఢంలో. మీ కవితలు చదివిన మర్నాడు పొద్దున. మీకు ఉత్తరం రాయబోతూ. కలం చేతిలోనే ఉంది."

దేవమ్మ గోడకు ఆనుకుంది. "అయ్యో... నేనేమో... సార్‌కు కోపమొచ్చిందనుకున్న. నేనేమో..." చేత్తో నోరు మూసుకుంది.

కామాక్షి పొయ్యి దగ్గరికెళ్లి కట్టను తీసుకుని చంకలో పెట్టుకుంది. "రండి," అంది.

"నాకు ఎదురుంగ మాట రాదమ్మా."

"ఆయనకీ రాదు. రండి."

*

ఆమె మంచం పక్కన ముక్కాలి పీట మీద కూర్చుంది. ఆయన దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. మధ్యలో జానెడు జాగా.

ముప్పై ఏళ్లలో అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు.

ఇద్దరూ మాట్లాడలేదు. వింతగా లేదు. మాటలు అయిపోయిన నిశ్శబ్దం కాదు. ఇన్ని ఉత్తరాలు గదిలోకి వచ్చి చుట్టూ కూర్చుంటే ఎలా ఉంటుందో... అలా ఉంది. కామాక్షి గుమ్మంలోనే ఉండిపోయింది. లోపల అడుగు వేస్తే ఏదో నలిగిపోతుందనిపించింది.

దేవమ్మ నేలను చూస్తూ అడిగింది. "అచ్చుకు ఇయ్యాల్నా సార్?"

ఆయన ఆమెను చూశాడు. ఊపిరి తీసుకున్నాడు. ఆ కట్టలో కవిత ఒకటుంది. కౌంటర్ వెనక కూర్చున్న ఏళ్ల మీద రాసింది. అది ఆయన ఎవరితోనూ కలిసి చదవలేదు. ఆ ఒక్క రోజు తనంతట తను చదువుకున్నదే.

"ఊర్ల... పేర్లన్ని... నా నోట్లకెళ్లి... పోయినయి."

దేవమ్మ తల ఎత్తింది.

"నేను... ఏడికి పోలే."

అది ఆమె వాక్యం. ఆమె ఏ దుఃఖంతో రాసుకుందో ఆమెకే తెలుసు. ఇప్పుడు అది ఆయన గొంతులోంచి వచ్చి ఆమె ముందు కూర్చుంది. ఆయన మళ్లీ అన్నాడు, గట్టిగా, ఆమె కళ్లలోకి చూస్తూ.

"నేను ఏడికి పోలే."

ఆమె రెండు చేతులూ జోడించింది. "సమజైంది సార్," అంది. "ఇస్త. అచ్చుకు ఇస్త."

ఇన్నేళ్లలో ఆయన చేసిన విమర్శల్లో అన్నిటికన్నా చిన్నది అదే.

*

గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చింది కామాక్షి. వాన తెరిపిచ్చింది. చిలకలు గోలగోలగా చెట్లమీదికి చేరుతున్నాయి. దేవమ్మ చెప్పులేసుకుంటోంది.

ఎందుకు అన్నదో, ఎలా అన్నదో. ఇన్ని రోజులు మనసులోనే ఉంచి, కొళాయి నీళ్లలో కలిపేసిన మాట.

"మీ మాటలన్నీ వస్తున్నాయమ్మా ఆయనకి. నా పేరే రావడం లేదు."

అని, నవ్వబోయింది. నవ్వు రాలేదు.

దేవమ్మ చెప్పు వేసుకోవడం ఆపింది. కామాక్షిని చూసింది. కామాక్షి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. గరుకు చేతులు. ఏదో అనబోయింది. ఆమెకు ఎదురుగా మాట రాదు కదా. తెరిచిన తలుపులోంచి వంటింటివైపు ఒకసారి చూసింది, అక్కడ స్టవ్ మీద పాలు పెట్టి ఉన్నాయి. హాల్లో దీపం వైపు చూసింది. మళ్లీ కామాక్షి మొహంలోకి.

చెయ్యి వదిలి వెళ్లిపోయింది.

నాలుగు రోజులకు ఉత్తరం వచ్చింది.

కామాక్షి పెట్టెలోంచి తీసి, తడి తుడిచి, అలవాటుగా బల్లవైపు నడిచింది. నడుస్తూ నడుస్తూ కవరు మీదికి చూసి నిలబడిపోయింది.

కామాక్షమ్మకు.

ఆమె పేరున ఎవరైనా ఉత్తరం రాసి ఎన్నేళ్లయింది? నాన్న పోయాక ఎవరూ రాయలేదు. వంటింట్లోకి తీసుకెళ్లి, ఎవరూ చూడకుండా చింపింది. ఉత్తరం కాదు. పలకరింపు లేదు, సంతకం లేదు. నడిమధ్యన కొన్ని వరుసలు.

గింత పొద్దుగాల్ల
ఎవరో దీపం లెక్క తిరుగుతున్నరు ఇంట్ల.
పాలు పొంగక ముందె ఎరుకైతది ఆమెకు,
నేను పిలువక ముందె ఎరుకైతది.
అయిన పిలుస్త.
పిలిస్తెనె గద నా నోరు తీపైతది...
కామాక్షీ.

ఆమె అలాగే గట్టుకి ఆనుకుని నిలబడింది. మళ్లీ చదివింది.

ఒక్కసారి వచ్చింది ఆ మనిషి. కాసేపు కూర్చుంది. పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. ఈ ఇంట్లో ఇన్నేళ్ల పొద్దులు, పాలు, దీపం... తను లేచి తిరిగే ఆ వేళ, తనకు తప్ప ఎవరికీ తెలియని వేళ... ఎలా చూసింది? ఎక్కడినుంచి చూసింది? ఆయన ఏనాడూ అనని మాటను, అనాలనుకున్నాడో లేదో కూడా తెలియని మాటను, ఆయన నోటికి సరిపోయేలా కొలత తీసి, కుట్టి పంపింది.

కవిత్వం అంటే ఇదా?

ఇన్నాళ్లూ దుమ్ము దులిపింది దీన్నా?

కొంగుతో మొహం తుడుచుకుని ఆయన దగ్గరికి వెళ్లింది. చదివింది. ఉన్నదున్నట్టు. చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, అదీ చదివింది. ఆయన విన్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ చదవమన్నట్టు వేలు ఎత్తాడు.

ఆ రోజు ఏమీ రాలేదు. మర్నాడు "గింత" వచ్చింది. ఆ తర్వాత దీపం వచ్చింది. పాలు వచ్చాయి. ఒక్కో మాటా మెట్టెక్కి వస్తోంది. ఆమె చదువుతుంది, ఆగుతుంది, చూస్తుంది. పేరు దాకా వచ్చి ఆయన ఆగిపోతాడు. అలసిపోయి తల వాల్చేస్తాడు. తొందర పెట్టవద్దంది ప్రేమమణి. ఆమె తొందర పెట్టలేదు.

శ్రావణం వెళ్లింది. దేవమ్మ పుస్తకం అచ్చుకు వెళ్లింది.

ఒక సాయంత్రం ఆమె వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. గదిలోంచి గొంతు వినిపించింది. ఎవరూ చదవడం లేదు. ఎవరూ అందించడం లేదు. ఆయనంతట ఆయనే...

"గింత... పొద్దుగాల్ల..."

కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"...ఎవరో... దీపం లెక్క..."

వచ్చి గుమ్మం పట్టుకుంది. ఆయన చూడలేదు. కిటికీవైపు తిరిగి ఉన్నాడు. ఒక్కో మాటా నెమ్మదిగా, తాడు పట్టుకుని బావిలోంచి చేదుకుంటున్నట్టు. పాలు. ఎరుక. పిలుపు. తీపి.

"...కామాక్షీ."

ఆమె "ఆఁ" అంది.

ఆయన తల తిప్పాడు. ఎడమచెయ్యి ఎత్తి, బల్ల మీది మంచినీళ్ల చెంబు చూపించాడు.

దప్పిక.

దప్పికైతే పిలిచాడు. అంతే. వట్టి పేరు ఇప్పటికీ నాలుక మీదికి రాదు. విడిగా అడిగితే రాదు. ప్రేమమణి చాలాసార్లు అడిగి చూసింది. మొదటినుంచి మొదలుపెట్టాలి. దీపం దాటాలి, పాలు దాటాలి. అప్పుడే ఆ మాట చివర ఆమె దొరుకుతుంది. ఇంకెన్నాళ్లు ఇలా అని ప్రేమమణి చెప్పలేదు. ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఆ ఇంట్లో అలాగే పిలుస్తాడు. నీళ్లకు. మందుకు. దిండు సర్దడానికి. మిట్టమధ్యాహ్నమైనా, దీపాలు పెట్టే వేళైనా, "గింత పొద్దుగాల్ల" అనే మొదలుపెడతాడు. పక్కింటి భవాని మొదట్లో నవ్వింది. ఇప్పుడు ఆ గొంతు వినపడితే ఆవిడ కూడా పని ఆపేస్తుంది.

వంటింట్లో ఉన్న కామాక్షికి మొదటి మాటకే తెలుస్తుంది, పిలుస్తున్నాడని. చేతులు తుడుచుకుంటుంది. గుమ్మం దాకా వస్తుంది.

లోపలికి వెళ్లదు.

మిగతా మాటలు ఒక్కొక్కటే రానిస్తుంది.